పాత లేత్‌కు పుట్టిన తేదీ ఒకటి కాదు

1934లో ఆజంజాహీ మిల్లు, 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ (ఆర్ఈసీ), పక్కనే కాజీపేట రైల్వే జంక్షన్. లేత్ లేనిదే మరమ్మతు సాగని చోట్లు వరంగల్‌కు తక్కువేం కాదు. అందుకే ఈ ఊళ్లో ఓ పాత లేత్ బయటపడితే నేమ్‌ప్లేట్ చూసి, అది లేకుంటే తుప్పు చూసి ‘మిల్లు పెట్టిన నాటిది’ అనేయబుద్ధవుతుంది. తుప్పుకేం, ఒక్క వానాకాలం చాలు. నేమ్‌ప్లేట్ చెప్పేది తయారుచేసినవారి పేరు. ఆ తర్వాత మోటారు మారి ఉంటుంది, చక్ మారి ఉంటుంది, గేర్లు ఇంకో యంత్రం నుంచి వచ్చి ఉంటాయి. పాత లేత్‌లో భాగానికో వయసు ఉంటుంది.

హెడ్‌స్టాక్ మీద మెట్లుమెట్లుగా కోన్ పుల్లీ ఉంటే, పైకప్పు కింద తిరిగే షాఫ్టు నుంచి బెల్టుతో నడిచిన కాలం నాటిదనిపిస్తుంది. అయితే సొంత మోటారుతోనే అమ్మిన కోన్ పుల్లీ లేత్‌లూ ఉన్నాయి కనుక ఆ ఒక్క గుర్తుతో తేల్చలేం. అంతకంటే గట్టి సాక్ష్యం, థ్రెడ్లు తీసేటప్పుడు పనిముట్టును మోసే క్యారేజీని నడిపే లీడ్ స్క్రూ. స్కేలు ఆనించి లెక్కపెడితే అంగుళానికి సరిగ్గా నాలుగు థ్రెడ్లు వచ్చాయనుకుందాం. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది కాబట్టి ఇది అంతకుముందుదే, అదీ విదేశీ సరుకే అని వాదించేవారుంటారు. రెండూ నిలవవు. చట్టం మారినంత త్వరగా ఫ్యాక్టరీ డ్రాయింగులు మారవు. దేశీయ మెషిన్ టూల్స్ చరిత్రా 1953 నాటి బెంగళూరు హెచ్ఎంటీతో మొదలవలేదు. హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్ 1941లోనే, సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే వచ్చాయి. అదే లేత్‌తో పాటు 127 పళ్ల గేర్ దొరికితే మాత్రం విషయం ఇంకా ఆసక్తికరమవుతుంది. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు, దానికి అయిదు రెట్లు 127. అంగుళాల స్క్రూతో కచ్చితమైన మెట్రిక్ థ్రెడ్లు తీయడానికే ఆ గేర్. దాని పళ్లు అరిగి ఉంటే, కొలతలు మారిన కాలంలోనూ యంత్రం చేతినిండా పని చేసిందన్నమాట.

బాగుచేసేవారు మొదట చెరిపేసేది ఇలాంటి అరుగుదల సాక్ష్యాలనే. చిన్న జాబ్‌లన్నీ చక్ దగ్గరే నడుస్తాయి కనుక బెడ్ అక్కడే ఎక్కువ అరుగుతుంది. క్యారేజీని అక్కడ వదులు లేకుండా బిగిస్తే, టెయిల్‌స్టాక్ వైపు వెళ్లేసరికి పట్టేస్తుంది. వెంటనే బెడ్ గ్రైండింగ్‌కు పోతుంది. గ్రైండింగ్ తర్వాత క్యారేజీ ఆ మేరకు కిందికి దిగి, హాఫ్ నట్ లీడ్ స్క్రూకు సరిగ్గా కూర్చోదు. క్యారేజీ అడుగు భాగమైన సాడిల్ కింద ప్యాకింగ్ వేసి ఆ ఎత్తు తిరిగి రాబట్టాలి. రోజూ పని జరగాల్సిన షాపుకు చరిత్రతో పనేమిటని అడిగితే న్యాయమే, కూడు పెట్టే యంత్రానికి కచ్చితత్వమే ముందు. కానీ అరుగుదల కొలిచి రాసుకున్నాక గ్రైండింగ్ చేయిస్తే పనికి కలిగే నష్టం ఏమీ లేదు. విప్పిన పాత భాగాలను తుక్కుకు వేయకపోయినా లేదు. సౌత్ బెండ్ కంపెనీ లేత్‌లకైతే సీరియల్ నంబరు బెడ్ మీదే, టెయిల్‌స్టాక్ వైపు చివర కొట్టి ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆ అంకెలు రాసుకున్నాకే బెడ్ లారీ ఎక్కాలి.