మాట వెనకే మాట

కౌలాలంపూర్‌లో సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. చరిత్ర నా చదువు కాదు, సరదా.

మా ప్రాజెక్టులో హనోయ్ నుంచి వచ్చిన మిత్రుడొకడున్నాడు. జపనీసు చదవడంలో, రాయడంలో దిట్ట. ఫోనెత్తితే మాత్రం జపాన్ క్లయింటు "మెయిల్లో పంపండి" అనేవాడు. చివరికి ఆ ఫోన్లు, అతనికొచ్చిన దాంట్లో సగం కూడా రాని నాకు అప్పగించారు. అతనేమీ అనలేదు. ఆ రోజు భోజనానికి మాత్రం రాలేదు.

ఇలాంటిదే పాత కథ ఒకటుంది. 1905లో వియత్నాం దేశభక్తుడు ఫాన్ బోయ్ చౌ, ఫ్రెంచివారి మీద పోరాటానికి సాయం కోరుతూ జపాన్ చేరాడు. ఆయనకు జపనీసు రాదు, చైనీసు మాట్లాడటమూ రాదు. యొకొహామాలో చైనా సంస్కర్త లియాంగ్ చిచావ్‌తో కాగితం మీద కుంచెతో చైనా అక్షరాలు రాస్తూ సంభాషించాడు. ఆయన పిలుపుతో సుమారు 200 మంది విద్యార్థులు జపాన్ వెళ్ళారు. 1907లో ఫ్రాన్సు, జపాన్ ఒప్పందం చేసుకున్నాయి. 1909కల్లా విద్యార్థులు చెదిరిపోయారు, ఆయనా దేశం విడవాల్సి వచ్చింది.

1919లో వియత్నాంలో పాత పరీక్షలు ఆగిపోయాయి. రోమన్ లిపి నిలిచింది, కుంచె పోయింది, ఉమ్మడి మాటలు మిగిలాయి. 'జాగ్రత్త' అనే మాట వాళ్ళకు 'చు ఈ', జపనీసులో 'చూఇ'. చిక్కంతా అక్కడే. జపనీసుకు మన ఛందస్సులాగే మాత్రల లెక్క ఉంది. 'ఒబసన్' అంటే అత్త, 'ఒబాసన్' అంటే అమ్మమ్మ. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ. దీర్ఘాలు, ఒత్తులు మనకు పలకమీదే వచ్చేశాయి. వియత్నామీలో ఆ భేదం ఒకటి రెండు అచ్చులకే. పైగా ప్రతి అక్షరానికీ ఓ స్వరం. 'త్సు' వాళ్ళ నోట 'చు' అవుతుంది. మనం 'చుక్క' అనేటప్పటి దంత్య చకారమే అది.

దీనికి మందు షాడోయింగ్. సంతలో గురువు ఆగాక శిష్యుడు చెబుతాడు. ఇక్కడ ఆగడం లేదు, వింటూనే, ఓ క్షణం వెనక, నీడలా పలకాలి. ఆగితే మనసు తన భాష లయలోకి జారుకుంటుంది. 1953లో కొలిన్ చెర్రీ ఒక చెవిలో ఒక మాట, రెండో చెవిలో ఇంకో మాట వినిపించి, ఒకదాన్నే వెంటవెంట చెప్పించాడు, ధ్యాస ఎలా పనిచేస్తుందో చూడటానికి. దుబాసీల శిక్షణలోనూ ఈ పద్ధతి వాడారు. జపాన్‌లో 2006లో విదేశీయుల కోసం దీనిమీద పాఠ్యపుస్తకమే వచ్చింది.

మావాడు రోజూ పావుగంట మెట్లమీద నడుస్తూ సాధన చేశాడు. ముందు అర్థం వదిలేసి గొణిగాడు, తర్వాత గొంతు విప్పాడు. మూడు నెలలకు దీర్ఘాలు కుదిరాయి. 'యమద'గారు మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు 'జమద'గారవుతారు. కిందటివారం ఫోను మోగితే నేను లేవలేదు. అతనే ఎత్తాడు. పది నిమిషాలు మాట్లాడాడు, అవతలివారు మెయిల్ మాటే ఎత్తలేదు.