మూడు నాణేలు, ఒకే బొరుసు

నాణెం అసలుదా నకిలీదా అని తేల్చి చెప్పడమే వృత్తిగా పెట్టుకున్న కంపెనీలు అమెరికాలో ఉన్నాయి. వాటిలో బాగా పేరున్నది 1986లో మొదలైన పి.సి.జి.ఎస్. ఫీజు కట్టి నాణెం పంపితే నిపుణులు పరీక్షిస్తారు. అసలుదైతే 1 నుంచి 70 లోపు ఒక గ్రేడు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి పంపుతారు. ఆ తర్వాత కొనేవాళ్ళు చాలామంది నాణెం కంటే డబ్బీ మీద చీటీనే ఎక్కువ చూస్తారు.

2005లో ఈ కంపెనీ ఒక ప్రకటన చేసింది. 1896, 1900, 1902 తేదీలున్న 'మైక్రో ఓ' మోర్గాన్ వెండి డాలర్లు నకిలీవి అని! అంతకు ముందు వాటిని అసలువని సీలు వేసి ఇచ్చింది కూడా ఆ కంపెనీయే.

న్యూ ఆర్లీన్స్ టంకశాల తన డాలర్ల బొరుసు వైపు 'ఓ' అనే అక్షరం వేసేది. ఈ మూడింటి మీద ఆ అక్షరం మామూలు కంటే చిన్నది. సేకరించేవాళ్ళు దీన్ని అరుదైన రకం అనుకుని ఎక్కువ డబ్బు పెట్టి కొనేవారు.

నిపుణులు ఎందుకు పొరబడ్డారు? మొదటి కారణం, ఇది సత్తు నాణెం కాదు. మంచి వెండితోనే చేశారు. సొంత వెండి పోసి దొంగ నాణెం చేస్తే ఏం లాభం అని మీరు అడగవచ్చు. లెక్క చూడండి. మోర్గాన్ డాలరు బరువు 26.73 గ్రాములు, అందులో 90 శాతం వెండి. అంటే ముప్పావు ఔన్సు పైచిలుకు. ఔన్సు 60 సెంట్లు అనుకుంటే అందులోని వెండి ఖరీదు 46 సెంట్లు. ముద్ర పడితే అది 100 సెంట్లు!

వెండి అంత చవక కావడంలో మన దేశం పాత్ర కూడా ఉంది. ఎవరైనా వెండి తెచ్చి ఇస్తే కలకత్తా, బొంబాయి టంకశాలలు రూపాయలు కొట్టి ఇచ్చేవి. 1893 జూన్‌లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఆ పద్ధతి ఆపేసింది. అప్పటికే తగ్గుతున్న వెండి ధర ఒక్కసారిగా పడిపోయింది. ఆ తర్వాత మన రూపాయిలో కూడా వెండి విలువ ముఖవిలువ కంటే తక్కువే. దొంగ టంకశాల వాడికి ఇంతకంటే ఏం కావాలి?

రెండో కారణం పుస్తకం. ఈ రకాలు మోర్గాన్ డాలర్ల కేటలాగులో అసలు నాణేలుగా చేరిపోయాయి. పైగా 1899 నాటి చిన్న 'ఓ' డాలరు నిజంగా టంకశాలదే. కాబట్టి అనుమానం రాలేదు. పుస్తకంలో ఉంది కనుక అసలుది అన్నారు. అసలుదని సీలు పడింది కనుక పుస్తకం సరైనదే అన్నారు. ఈ తర్కం మనకు కొత్తది కాదు. శాస్త్రం చెప్పింది కనుక నిజం, నిజం కనుకనే శాస్త్రం చెప్పింది అనే పండితులను రోజూ చూస్తూనే ఉన్నాం.

మరి ఎలా బయటపడింది? మూడు తేదీల నాణేలను పక్కపక్కన పెట్టి చూశారు. తేదీ ఉండేది బొమ్మ వైపు. కానీ మూడింటి బొరుసూ ఒకే అచ్చు నుంచి వచ్చింది. ఆ అచ్చులోని లోపాలు మూడింటిలోనూ ఉన్నాయి. న్యూ ఆర్లీన్స్ 1896లో 49 లక్షలు, 1900లో 1 కోటి 25 లక్షల పైన, 1902లో 86 లక్షల పైన డాలర్లు కొట్టింది. అంత పనిలో అచ్చులు అరిగిపోతుంటే కొత్తవి పెడుతూనే ఉంటారు. లోపాలున్న ఒక్క అచ్చును దాచి, ఆరేళ్ళలో మూడుసార్లు బయటికి తీశారంటే నమ్మగలమా? ఒకే దొంగ అచ్చుకు మూడు తేదీలు జత చేశారంటే అంతా సరిపోతుంది.

డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉద్యోగం చేసిన నాకు ఇది తెలిసిన విషయమే. దొంగ వోచరు ఒక్కదాన్నే చూస్తే సంతకం, ముద్ర, మొత్తం అన్నీ సరిగ్గానే ఉంటాయి. మూడు వేర్వేరు దుకాణాల బిల్లులు పక్కపక్కన పెడితే చేతిరాత ఒక్కటేనని తెలుస్తుంది. నిపుణుడికి కళ్ళు లేక కాదు, ఒక్కొక్క నాణేన్నీ విడిగా చూడడం వల్ల మోసపోయాడు.

అలాగని 'చూశారా, నిపుణులను నమ్మకూడదు' అని తేల్చేయడం కూడా పొరపాటే. తప్పు పట్టింది ఏ స్వామీజీ దివ్యదృష్టో కాదు. పరీక్షించే వాళ్ళే మళ్ళీ పరీక్షించి, తమ పాత తీర్పును తామే బహిరంగంగా కొట్టేశారు.

మన దగ్గర రైస్ పుల్లింగ్ మోసగాళ్ళు బియ్యాన్ని లాగే నాణెం ఉందంటూ, కోటు వేసుకున్న 'శాస్త్రవేత్త'ను తెచ్చి సర్టిఫికెట్ చూపించి లక్షలు గుంజుతున్నారు. సర్టిఫికెట్ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. తేడా ఒక్కటే. మళ్ళీ పరీక్షకు పెట్టవచ్చా, తప్పని తేలితే వెనక్కి తీసుకుంటారా? ఎవరు ఏ కాగితం చూపించినా ముందు ఈ రెండు ప్రశ్నలు వేయండి.