ఏ చెట్టు తర్వాత ఏ చెట్టు

మలికిపురం వైపు కొబ్బరి దింపు నేర్చుకునే కుర్రాణ్ని మొదటిరోజే ముదురు చెట్టు ఎక్కించరు. ముందు పొట్టి చెట్టు. కాలు కుదిరాక ఇంకాస్త ఎత్తున్నది. ఏ చెట్టు తర్వాత ఏ చెట్టో కింద నిలబడ్డ పెద్దాయనకి తెలుసు. ఆయన చెట్టునీ చూస్తాడు, కుర్రాడి కాళ్లనీ చూస్తాడు.

అదే ఊళ్లో బీటెక్ చదివే పిల్ల ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే పక్కన ఆ పెద్దాయన ఉండడు. ఆన్‌లైన్‌లో కోడింగ్ ప్రాబ్లమ్స్ వేలల్లో ఉన్నాయి. మొదటిది మరీ తేలిక, నాలుగోది కొండ. వారం తిరక్కుండా "కోడింగ్ నాకు రాదు" అనేస్తుంది. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. విన్న ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే తప్పు ఎక్కువసార్లు ఆ వరసది.

ఆ వరస యంత్రానికి ఎలా పట్టుబడిందో చెప్పాలంటే చదరంగం దగ్గర మొదలుపెట్టాలి. ఓరుగల్లు కుర్రాడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరు రేటింగ్ జాబితాలో 2801కి చేరాడని సంబరపడ్డాం కదా, ఆ అంకె వెనకున్నది అర్పాద్ ఎలో. హంగరీలో పుట్టి అమెరికాలో ఫిజిక్స్ పాఠాలు చెప్పిన మనిషి. ఆయన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, ప్రపంచ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. ఇద్దరు ఆటగాళ్ల అంకెలూ ఒకటే అయితే చెరో సగం అవకాశం. 200 తేడా ఉంటే పైవాడు నూటికి 76 పాయింట్లు తెచ్చుకుంటాడని లెక్క. ఆ 1960లోనే డెన్మార్క్‌ గణితవేత్త గేయోర్గ్ రాష్ పరీక్ష రాసేవాడి సత్తానీ, ప్రశ్న కష్టాన్నీ ఒకే కొలబద్ద మీద పెట్టి పుస్తకం వేశాడు.

ఈ రెండూ కలిస్తే ప్రశ్న కూడా ఒక ఆటగాడే. రష్యాలోని సరాటోవ్‌లో మైక్ మిర్జయానోవ్ బృందం మొదలుపెట్టి, 2010 నుంచి కోడింగ్ పోటీలు నడుపుతున్న కోడ్‌ఫోర్సెస్ సైట్‌లో దాదాపు ప్రతి ప్రాబ్లమ్‌కీ 800 నుంచి 3500 దాకా ఒక అంకె ఉంటుంది. 1200 ప్రాబ్లమ్ అంటే, 1200 రేటింగ్ ఉన్నవాడు దాన్ని సాధించే అవకాశం సగానికి సగమని అర్థం. తన అంకెకి కాస్త పైనున్నది ఎంచుకుంటే చాలు, తర్వాతి చెట్టు దొరికినట్టే.

అయితే ఈ అంకె చెట్టు ఎత్తు చెబుతుంది గానీ కుర్రాడికి ఏ కాలు జారుతోందో చెప్పదు. అది చెప్పే పని అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. మన కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకుని, పల్లె పిల్లల ట్రిపుల్ ఐటీలకు తొలి ఛాన్సలర్ అయిన రాజ్ రెడ్డి పనిచేసిన చోటు అదే. అక్కడ జాన్ ఆండర్సన్ బృందం 1980లలో లిస్ప్ భాష నేర్పే కంప్యూటర్ ట్యూటర్‌ని తయారుచేసింది. ఆ బాటలోనే ఆల్బర్ట్ కార్బెట్, ఆండర్సన్ కలిసి 1990ల మధ్యలో విద్యార్థికి ఏది ఎంత వచ్చిందో వెంట నడుస్తూ అంచనా కట్టే పద్ధతిని వివరించారు.

ఒక్కో నైపుణ్యానికి నాలుగే అంకెలు. ముందే వచ్చి ఉండే అవకాశం, చేస్తూ చేస్తూ పట్టుబడే అవకాశం, రాకపోయినా గుడ్డిగా తగిలే అవకాశం, వచ్చినా చెయ్యిజారే అవకాశం. నాకు ఈ నాలుగోదంటే ఎంతో గౌరవం. ఒక్క తప్పు చూసి పిల్ల మీద ముద్ర వేయకుండా అడ్డుపడేది అదే. జవాబు వచ్చినప్పుడల్లా అంచనా మారుతుంది. 0.95కి చేరేదాకా ఆ నైపుణ్యం మీదే ఇంకో ప్రాబ్లమ్ వస్తుంది, చేరాక ముందుకు కదులుతుంది. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ పీచ్ బృందం ఇదే పనిని న్యూరల్ నెట్‌వర్క్‌కి అప్పజెప్పింది.

మలికిపురం నుంచి చూస్తే వీటన్నిటిలో ఒక లోటు కనబడుతుంది. కోడ్‌ఫోర్సెస్‌లో 800 అన్న అంకె ప్రశ్నని రష్యన్‌లోనో ఇంగ్లీషులోనో చదువుకుని అర్థం చేసుకున్నవాళ్ల గెలుపోటములతో తేలింది. తెలుగు మీడియంలో పది పాసైన పిల్లకి అది 800 కాదు. ఆమె సగం దారిలో ఆగిపోతే, అంచనా కట్టే యంత్రం "ఇఫ్ కండిషన్ రాదు" అనుకుని మళ్లీ అదే ఇస్తుంది. ఆ నాలుగు అంకెల పక్కన ఐదోది ఉండాలని నా గట్టి నమ్మకం: ప్రశ్నే అర్థం కాకపోయే అవకాశం.

కోడ్‌ఫోర్సెస్‌లో చాలామంది మొదట చేసే పుచ్చకాయ ప్రాబ్లమ్ ఒకటుంది, దాని రేటింగ్ 800. ఒకసారి దాని దగ్గర చిక్కుకుపోయిన ఒక అమ్మాయికి ల్యాప్‌టాప్ మూయించి తెలుగులో చెప్పాను. "కాయ బరువు ఇన్ని కేజీలమ్మా. ఇద్దరు పంచుకోవాలి. ఇద్దరి వాటాలూ సరిసంఖ్యలే కావాలి, సమానంగా ఉండక్కర్లేదు. కుదురుతుందా, కుదరదా?"

ఒక్క క్షణం ఆలోచించింది. "సరిసంఖ్యైతే కుదురుతుంది... ఆగండి, రెండు కేజీల కాయైతే మాత్రం కుదరదు కదండీ!"

చాలామందిని తికమకపెట్టే చోటు అదే.