టోకెన్ నుండి కవచ్ వరకు: ఉత్తరాంధ్ర రైలుమార్గాల్లో గమన నియంత్రణ – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైల్వే చరిత్రలో గొట్లాం (2013), బాతువ (2022), కంటకాపల్లి (2023) దుర్ఘటనలు మూడూ ఒకే ప్రశ్నను ముందుంచుతాయి. రైలు ఎక్కడ ఉన్నదో తెలిపే సమాచారం ఎవరికి, ఎంత త్వరగా చేరుతున్నది? రైలు గమన నియంత్రణ సాంకేతికత పరిణామాన్ని ఈ ప్రశ్న ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చేతికి అందిన అనుమతి

1890 దశకంలో తూర్పుతీర రైలుమార్గం ఈ ప్రాంతం మీదుగా సాగింది. ఆనాటి ఏకమార్గ విధానాల్లో టోకెన్ ముఖ్యమైనది. స్టేషన్ మాస్టర్ ఇచ్చిన టోకెన్ డ్రైవరు చేతిలో ఉంటేనే రైలు ముందుకు కదలాలి. అది అవతలి స్టేషన్ యంత్రంలోకి చేరేవరకు రెండో టోకెన్ వెలుపలికి రాదు. అంటే అనుమతి ఒక వస్తురూపం ధరించింది. రెండు పట్టాల మార్గాలు, ఆటోమేటిక్ సిగ్నళ్లు వచ్చాక ఆ అనుమతి దీపకాంతిగా మారింది. రద్దీ పెరిగిన మార్గంలో ఒక రైలు వెనుక మరొకటి నడపడం దీనివల్ల సాధ్యమైంది.

3. కంటకాపల్లి: దీపం విఫలమైన వేళ

2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి – అలమండ మధ్య విశాఖపట్నం – పలాస ప్యాసింజరును వెనుక నుండి విశాఖపట్నం – రాయగడ ప్యాసింజరు ఢీకొన్నది. 14 మంది మరణించారు. ఆటోమేటిక్ సిగ్నల్ ఎరుపు చూపితే రాత్రివేళ 2 నిమిషాలు ఆగి, ఆపై అతి తక్కువ వేగంతో జాగ్రత్తగా సాగాలన్నది నియమం. లోపమున్న రెండు సిగ్నళ్ల వద్ద రాయగడ రైలు సిబ్బంది ఈ నియమాన్ని పాటించలేదని ప్రాథమిక విచారణ పేర్కొన్నది. ఆ సిబ్బంది ప్రమాదంలోనే మరణించారు. యంత్రం విఫలమైనప్పుడు భద్రత భారమంతా ఇద్దరు మనుషులపై పడిందన్నది ఇక్కడ గమనించదగిన అంశం.

4. కవచ్: తెలుగునేలపై పరీక్ష

ఈ లోటును పూరించడానికే కవచ్ రూపొందింది. పట్టాల మధ్య అమర్చిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు రైలు స్థానాన్ని తెలుపుతాయి. స్టేషన్‌లోని పరికరం రేడియో ద్వారా ఇంజిన్‌తో సంభాషిస్తుంది. డ్రైవరు ఎరుపు సిగ్నల్‌ను దాటబోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. 2016లో దక్షిణమధ్య రైల్వేలో ప్రయాణికుల రైళ్లపై దీని క్షేత్రపరీక్షలు మొదలయ్యాయి. 2020లో దీనిని జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న వికారాబాద్ సమీపంలోని గుల్లగూడ – చిట్టిగిడ్డ మధ్య, ఎదురెదురుగా నడిపిన ఇంజిన్లతో పరీక్షించారు. తర్వాత ఏడాదిన్నరకు ప్రమాదం జరిగేనాటికి కంటకాపల్లి మార్గంలో కవచ్ లేదు. ఆవిష్కరణకూ, అమలుకూ మధ్యనున్న కాలానికి మూల్యం చెల్లించినవారు ప్యాసింజరు రైళ్లలో ప్రయాణించే సామాన్యులు.

5. గొట్లాం, బాతువ: పట్టాలపై మనిషి

అయితే కవచ్ అన్నింటికీ సమాధానం కాదు. 2013 నవంబరు 2న గొట్లాం వద్ద బోగీలో మంటలంటూ వదంతి పుట్టడంతో ఆగిన ఎక్స్‌ప్రెస్ నుండి దిగిన ప్రయాణికులను పక్క పట్టాలపై వచ్చిన ప్యాసింజరు ఢీకొన్నది. కనీసం 8 మంది మృతిచెందారు. 2022 ఏప్రిల్ 11న బాతువ వద్ద ఆగిన రైలు నుండి దిగినవారిని కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఢీకొనగా కనీసం 5 మంది మరణించారు. ఈ రెండు చోట్లా రైళ్లు ఒకదానినొకటి ఢీకొనలేదు. ట్యాగు రైలును గుర్తిస్తుంది, పట్టాలపై నిలిచిన మనిషిని గుర్తించదు. సమీప రైళ్లను ఆపే అత్యవసర సంకేతం కవచ్‌లో ఉన్నది. కాని జనం దిగుతున్నారని సిబ్బందికి తెలిస్తేనే దానిని పంపగలరు.

6. ముగింపు

టోకెన్ నుండి కవచ్ వరకు సాగిన పరిణామం రైలుకు రైలు ఉనికిని తెలియజేసిన చరిత్ర. ప్రయాణికుడికి పక్క పట్టాల సమాచారం అందే మార్గం ఇందులో ఇంకా ఏర్పడలేదు. కంటకాపల్లికి కవచ్ సమాధానం కాగలదు. గొట్లాం, బాతువలకు బోగీలో వినిపించే తక్షణ ప్రకటన, పక్క మార్గంలో రైళ్ల నిలుపుదల కూడా అవసరం. ఈ ప్రాంత రైలు భద్రతను అంచనా వేసేటప్పుడు కవచ్ అమర్చిన కిలోమీటర్లతో పాటు ఈ అంశాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.