చెవి చెంత సంగీతం

మా వీధిలో విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరున్నారు. సంగీతమంటే ప్రాణం. విదేశంలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు ఆయనకు ఒక ఖరీదైన హెడ్‌ఫోను పంపించాడు. ఆయన దానిని తమ జేబురేడియోకు తగిలించి వీణ కచేరీ వినబోయారు. శబ్దం పొరుగూరినుంచి వస్తున్నట్లు సన్నగా, నీరసంగా వినిపించింది. వాల్యూము చివరిదాకా తిప్పినా ప్రయోజనం లేకపోయింది. “ఇంత డబ్బు పోసి కొన్న వస్తువులో లోపముంటుందా? నా చెవులే చెడినట్లున్నాయి” అని ఆయన నిశ్చయించుకుని, వినడమే మానివేశారు.

నిజానికి చెవులూ చెడలేదు, హెడ్‌ఫోనూ చెడలేదు. హెడ్‌ఫోనుకూ, దానిని పలికించే యంత్రానికీ పొత్తు కుదరలేదు, అంతే. హెచ్చు శ్రుతిలో పాడే విదుషీమణి పక్కన తగ్గు శ్రుతి మృదంగాన్ని పెడితే ఏమవుతుంది? గాత్రం మంచిదే, మృదంగమూ మంచిదే; కచేరీ మాత్రం రక్తి కట్టదు. హెడ్‌ఫోను చరిత్ర యావత్తూ ఈ పొత్తుకోసం జరిగిన అన్వేషణమే. ఆ చరిత్ర తెలిస్తే, కొనేవారు మోసపోరు. కొన్నవారు నిరాశ చెందరు.

1881లో పారిస్ నగరంలో అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శనం జరిగింది. అందులో క్లెమాన్ అడేర్ అనే ఇంజనీరు ఒక వింత చూపించాడు. ఆపెరా నాటకశాలలో రంగస్థలం అంచున టెలిఫోను ప్రేషకాలను వరుసగా అమర్చి, అక్కడినుంచి ప్రదర్శనశాలకు తీగలు వేయించాడు. శ్రోత రెండు గ్రాహకాలను రెండు చెవులకు ఆనించుకోవాలి. ఒకదానిలో రంగస్థలపు ఎడమ భాగం, రెండవదానిలో కుడి భాగం వినవచ్చేవి. గాయకుడు ఒక ప్రక్కనుంచి మరొక ప్రక్కకు నడిస్తే ఆ నడక సైతం తెలిసేది. ఈనాడు మనం స్టీరియో అంటున్న అనుభవానికి అది తొలి రూపం. ఆ సంవత్సరం నవంబరులో విక్టర్ హ్యూగో కూడా దానిని విని ముచ్చటపడ్డాడు. తరువాత 1890లో ఒక సంస్థ వెలసి చందాదారుల ఇళ్లకే నాటకశాలల సంగీతాన్ని అందించసాగింది. నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ 1911లో చందా కట్టి, ఇంటినుంచి కదలకుండానే ఆపెరాలు విన్నాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. అడేర్ తీగలు వేసిన నాటికి ఆంప్లిఫయరు పుట్టనే లేదు. లీ డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడుల వాల్వును 1906లో రూపొందించాడు. దానితో శబ్దాన్ని పెంచడం 1912 ప్రాంతానికిగాని సాధ్యపడలేదు. అంతవరకు వచ్చిన కాస్త విద్యుత్తునే గ్రాహకం పొదుపుగా వాడుకోవలసి ఉండేది. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రవాసి నథానియెల్ బాల్డ్విన్ తన ఇంటి వంటగదిలో హెడ్‌ఫోనులు తయారుచేసి నౌకాదళానికి పంపించాడు. వాటిలో అయస్కాంత ధ్రువాల నడుమ త్రాసుకోలవలె తూగే చిన్న ఇనుపముక్క, దానికి సన్నని అభ్రకపు పొర ఉండేవి. అత్యల్ప విద్యుత్తుకే అది స్పందించేది. నౌకాదళంవారు పరీక్షించి సంతృప్తి చెంది, మరిన్ని కావాలన్నారు. ఆ త్రాసుకోల సూత్రమే నేటికీ వినికిడి యంత్రాలలో, సంగీత విద్వాంసులు చెవిలోపల అమర్చుకునే చిన్న పరికరాలలో పనిచేస్తున్నది.

అటుపిమ్మట స్ఫటిక రేడియోల యుగం వచ్చింది. గెలీనా స్ఫటికంతో తరంగాలను పసిగట్టే విధానానికి మన జగదీశ్ చంద్ర బోసు 1904లో అమెరికా పేటెంటు పొందిన సంగతి స్మరణీయం. ఈ రేడియోకు బ్యాటరీ అక్కరలేదు; ఏరియలుమీద పడిన శక్తే దానికి ఆహారం. అంత క్షీణమైన విద్యుత్తు అయస్కాంతాన్ని కదిలించాలంటే, వెంట్రుకవంటి తీగను వేలాది చుట్లు చుట్టవలసి ఉంటుంది. అందువల్ల ఆనాటి హెడ్‌ఫోనుల విద్యుదవరోధం రెండువేల ఓములు, అంతకు మించి కూడా ఉండేది. ఇది కేవలం అలవాటు కాదు. పలికించే యంత్రాన్ని బట్టి హెడ్‌ఫోను రూపుదిద్దుకున్న తీరు.

మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లో ప్రసారాలు ఆరంభించిన నాటికి ప్రపంచంలో అనేకులకు రేడియో వినడమంటే హెడ్‌ఫోను తగిలించుకోవడమే. 1938 జూన్ 16న మదరాసు ఆకాశవాణి కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యేసరికి పరిస్థితి మారిపోయింది. వాల్వుల రేడియో, లౌడుస్పీకరు వచ్చి ఇంటిల్లిపాదికీ, వీధి అరుగుమీద కూర్చున్నవారికీ కూడా సంగీతాన్ని పంచిపెట్టాయి. హెడ్‌ఫోను స్టూడియోలకూ, విమానాలకూ, సైనికులకూ పరిమితమైంది.

అయినా మార్పు ఆగలేదు. 1937లో బెర్లిన్ నగరంలో ఆయిగెన్ బేయర్ సంస్థ డి.టి. 48 అనే హెడ్‌ఫోనును విడుదల చేసింది. లౌడుస్పీకరులోవలె కదిలే తీగచుట్టను చెవిదగ్గరకు తెచ్చిన ఘనత దానిది. 1958లో అమెరికాలోని మిల్వాకీలో జాన్ కాస్ అనే వ్యాపారి తన స్టీరియో గ్రామఫోనుకు తోడుగా ఒక హెడ్‌ఫోనును ప్రదర్శించగా, జనం గ్రామఫోనును విడిచి హెడ్‌ఫోనునే మెచ్చుకున్నారు. కాని ఆనాటి ఆంప్లిఫయర్లు లౌడుస్పీకర్లకోసం నిర్మించినవి. వాటికి హెడ్‌ఫోను తగిలించాలంటే నడుమ మరొక పెట్టె కావలసివచ్చేది. తరువాత తయారైన అనేక ఆంప్లిఫయర్లలో లౌడుస్పీకరుకు వెళ్లే విద్యుత్తునే పెద్ద నిరోధకంగుండా హెడ్‌ఫోను రంధ్రానికి మళ్లించారు. 1968లో జర్మనీనుంచి వచ్చిన సెన్‌హైజర్ హెచ్.డి. 414 రెండువేల ఓములది కనుక ఆ ఏర్పాటుకు చక్కగా ఒదిగింది. 1979లో జపానునుంచి వచ్చిన వాక్‌మన్ కథ వేరు. దానిలోని రెండు చిన్న బ్యాటరీలు ఇచ్చేది మూడు వోల్టులే. అటువంటి యంత్రానికి తక్కువ ఓముల, తేలిక హెడ్‌ఫోనే తగినది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక వోల్టును 32 ఓముల హెడ్‌ఫోనుకిస్తే అది సుమారు 31 మిల్లీవాట్ల శక్తి గ్రహిస్తుంది. అదే వోల్టును 300 ఓముల దానికిస్తే దక్కేది మూడు మిల్లీవాట్ల పైచిలుకు మాత్రమే. ఎత్తైన ట్యాంకు ఉంటేనే సన్నని గొట్టంలో నీరు జోరుగా పారినట్లు, ఎక్కువ ఓముల హెడ్‌ఫోనుకు వోల్టేజి ఎక్కువ కావాలి. తక్కువ ఓములది వెడల్పాటి కాలువ వంటిది. దానికి ప్రవాహం ఎక్కువ కావాలి. ఓములతోపాటు సున్నితత్వాన్ని కూడా చూడాలి. ఓములు తక్కువైనా మందకొడిగా పలికే హెడ్‌ఫోనులు లేకపోలేదు.

మరొక చిక్కున్నది. ఆంప్లిఫయరు తనలో ఉంచుకున్న అవరోధం హెడ్‌ఫోను అవరోధంలో ఎనిమిదవ వంతును మించకూడదని నిపుణుల సామాన్య సూత్రం. మించితే, తీగచుట్ట హెడ్‌ఫోనులలో కొన్ని మంద్రధ్వనులు ఉబ్బి, మృదంగపు తొప్పి దెబ్బ బిగువు కోల్పోయి గుమ్మటంలో మ్రోగినట్లుంటుంది. విద్యుత్ క్షేత్రంలో పలుచని పొరను కదిలించే స్టాటిక్ హెడ్‌ఫోనులకైతే వందలాది వోల్టులు కావాలి. అందుకే జపానుకు చెందిన స్టాక్స్ సంస్థ 1960లో వాటిని అమ్మకానికి తెచ్చినప్పుడే వాటికి ప్రత్యేక చోదకయంత్రం తప్పనిసరి అయింది. 1991లో సెన్‌హైజర్ వారు ఆర్ఫియస్ అనే హెడ్‌ఫోనును వాల్వు ఆంప్లిఫయరుతో జంటగానే అమ్మారు. ఈ రెండూ వేరు వస్తువులు కావని తయారీదారులే ఒప్పుకున్నట్లయింది.

ఇక అభిరుచి సంగతి. వీణ, వయొలిన్, గాత్రకచేరీలు ప్రశాంతంగా ఇంట్లో వినేవారికి వెనుకభాగం తెరిచి ఉన్న హెడ్‌ఫోను హితవు. సభలో కూర్చున్న విశాలత దానిలో కనిపిస్తుంది. కాని దాని శబ్దం ప్రక్కవారికీ వినిపిస్తుంది, బయటి సందడి లోపలికీ వస్తుంది. బస్సులో, రైలులో, నలుగురు మసలే ఇంట్లో మూసి ఉన్నదే మేలు. 1925కు పూర్వం కొమ్ముబూరాతో ముద్రించిన గ్రామఫోను పాటలలో తారధ్వనులు స్వల్పం; కీచుగా పలికే హెడ్‌ఫోను వాటిలోని సూది గరగరనే పెంచి చూపుతుంది. 1950ల నాటి సినిమా పాట తల మధ్యలోనే వినిపిస్తే అది హెడ్‌ఫోను దోషం కాదు. ఆ ముద్రణలో ఉన్నది ఒకే ధార. మీడియం వేవ్ ప్రసారంలో సుమారు 4,500 హెర్ట్‌జులకు మించి శబ్దం రాదు, ఎఫ్.ఎం.లో 15,000 వరకు వస్తుంది. కనుక మీడియం వేవ్ మాత్రమే వినేవారు వేలకు వేలు వెచ్చించడం వృథా. పప్పు ఉడకనిది ఇంగువ ఖరీదైనంతమాత్రాన రుచి రాదు కదా.

ఆంప్లిఫయరు పెట్టుకునేది గట్టిగా వినడానికి కాదని కూడా గుర్తుంచుకోవాలి. 80 డెసిబెల్‌లలో వారానికి 40 గంటలు వినవచ్చుననీ, 90కి చేరితే నాలుగు గంటలే హద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. హెడ్‌ఫోను చెడితే మరొకటి కొనవచ్చు. వినికిడి పోతే తిరిగి రాదు.

మా ఉపాధ్యాయులవారి హెడ్‌ఫోను 300 ఓములది. దాని వెలలో నాలుగవ వంతుకే దొరికే చిన్న ఆంప్లిఫయరును రేడియోకూ దానికీ నడుమ అమర్చి, వాల్యూము బాగా తగ్గించి, మళ్లీ వినమన్నాను. అదే వీణ కచేరీ ధ్వనిముద్రణ. ఆయన కాసేపు కన్నులు మూసుకుని ఉండి, “వెనుక ఎవరో తంబురా మీటుతున్నారే!” అన్నారు. ఆ తంబురా మొదటి రోజునా ఉన్నది. ఆయన వరకు చేరలేదు, అంతే. ఇప్పుడాయన ప్రతి సాయంత్రమూ కచేరీ వింటున్నారు. చెవుల మాట మళ్లీ ఎత్తలేదు.