ఊగులాడే ముల్లు: స్పీడోమీటరు చరిత్రలో ఒక చిన్న చిక్కు

పాత అంబాసిడర్ కార్లు నడిపేవారికి బాగా తెలిసిన జాడ్యము ఒకటి ఉన్నది. ఏలూరు నుండి తాడేపల్లిగూడెము పోయే చదునైన రోడ్డు మీద బండి సమమైన వేగముతో సాగుతూనే ఉంటుంది. స్పీడోమీటరు ముల్లు మాత్రము 20కి, 50కి మధ్య ఊగులాడుతూ ఉంటుంది. మీటరు చెడిపోయినదని తలచి దానిని విప్పించేవారు చాలామంది. కాని ఎక్కువసార్లు దోషము మీటరులో ఉండదు. ముల్లు అబద్ధము చెప్పుట లేదు. క్రింది నుండి తనకు ఏ వార్త అందినదో దానినే చూపుతున్నది. ఈ మాట అర్థము కావలెనంటే ఆ పరికరము పుట్టిన తీరు తెలియవలెను.

దూరము ముందు, వేగము తరువాత

మానవుడు మొదట కొలిచినది దూరమును. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దికి చెందిన రోమను వాస్తుశిల్పి విట్రూవియస్, బండి చక్రమునకు పళ్ళచక్రములు తగిలించి, మైలుకు ఒక గులకరాయి పాత్రలో పడే ఏర్పాటును తన గ్రంథములో వర్ణించాడు. గమ్యము చేరిన తరువాత రాళ్ళు లెక్కపెడితే చాలును, దూరము తెలుస్తుంది. వేగమును కొలవవలసిన అక్కర అప్పటికి కలుగలేదు. మన ప్రాంతములోనూ అంతే. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తి అయిన తరువాత ఏర్పడిన కాలువల మీద పడవలను గట్టు వెంట మనుష్యులు త్రాళ్ళతో లాగేవారు. తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరుకు వచ్చే కాలువలో ప్రయాణము చేసేవారు “ఎప్పటికి చేరతాము?” అని అడిగేవారే గాని, “ఈ క్షణమున మన వేగమెంత?” అని అడిగేవారు కారు.

ఆ ప్రశ్న మోటారు బండితో వచ్చినది. బ్రిటనులో 1903 నాటి చట్టము మోటారు కార్లకు గంటకు 20 మైళ్ళ హద్దు విధించినది. హద్దు ఉన్నప్పుడు, దానిని దాటామో లేదో చూపే సాధనము కూడ ఉండవలెను గదా!

తాకకుండా త్రిప్పే శక్తి

దానికి కావలసిన సూత్రము అప్పటికి ఎనభై ఏండ్ల ముందే దొరికినది. 1824లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆరాగో, తిరిగే రాగి పళ్ళెమునకు పైన అయస్కాంత సూదిని వ్రేలాడదీస్తే, సూది కూడ పళ్ళెము వెంట తిరుగుతున్నదని గమనించాడు. రాగిని అయస్కాంతము ఆకర్షించదు. రెండూ ఒకదానిని ఒకటి తాకుట లేదు. మరి ఎట్లు తిరిగినది? మరుసటి ఏడు ఇంగ్లండులో బాబేజి, హెర్షెల్ ఈ ప్రయోగమును తలక్రిందులు చేశారు. వారు అయస్కాంతమును త్రిప్పితే పైనున్న రాగి పళ్ళెము తిరిగినది. కారణమును విప్పిచెప్పుటకు మార్గము వేసినది 1831లో ఫారడే కనుగొన్న విద్యుత్ప్రేరణ. అయస్కాంతము కదిలినప్పుడు దగ్గరనున్న లోహములో నీటి సుడులవంటి విద్యుత్ప్రవాహములు పుడతాయి. అవి ఆ కదలికను అడ్డుకొనజూస్తాయి. ఆ అడ్డగింతయే లోహమును తన వెంట ఈడ్చుకొనిపోయే బలము.

1902లో స్ట్రాస్‌బర్గ్ వాసి ఒట్టో షుల్జ్ ఈ సూత్రముతో పనిచేసే వేగమాపకమునకు జర్మనీలో పేటెంటు పొందాడు. ఇరవయ్యవ శతాబ్దములో లెక్కలేనన్ని కార్లలో ముల్లును కదిపినది ఈ సూత్రమే.

మీటరు లోపల

గేరుబాక్సు వద్ద ఒక చిన్న పళ్ళచక్రము నుండి పొడవైన ఉక్కు కేబులు బయలుదేరుతుంది. అనేక సన్నని తీగెలను పొరలు పొరలుగా, ఒక పొరను కుడికి, మరొక పొరను ఎడమకు చుట్టి దానిని చేస్తారు. తొడుగులో తిరుగుతూ అది మీటరులోని అయస్కాంతమును త్రిప్పుతుంది. అయస్కాంతమును కప్పి అల్యూమినియము గిన్నె ఒకటి ఉంటుంది. ముల్లు దానికే బిగించబడి ఉంటుంది. గిన్నె తిరగబోతే వెంట్రుక వంటి సన్నని స్ప్రింగు చుట్ట దానిని వెనుకకు లాగుతుంది. ఈడ్పు వేగమునకు అనుపాతము, స్ప్రింగు పట్టు కోణమునకు అనుపాతము. రెండూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. అందుచేతనే అంకెలు సమాన దూరములలో ఉంటాయి.

మైళ్ళను లెక్కించే అంకెల చక్రములకు ఈ అయస్కాంతముతో పని లేదు. వాటిని కేబులే పళ్ళచక్రముల ద్వారా త్రిప్పుతుంది. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. రోగనిర్ణయమునకు ఇదే తాళపుచెవి.

ముల్లు ఎందుకు ఊగుతుంది?

కేబులు మీద జిడ్డు ఎండిపోయినా, తుప్పు పట్టినా, తొడుగు ఎక్కడైన నొక్కుకొనిపోయినా అది సాఫీగా తిరగదు. క్రింది కొన తిరుగుతూనే ఉంటుంది. పై భాగము ఒక్క క్షణము పట్టుకొనిపోతుంది. ఆ క్షణములో కేబులు మెలిపడి బలమును దాచుకొంటుంది. మెలి ఎక్కువ కాగానే పట్టు విడిపోయి పై కొన గిర్రున తిరుగుతుంది, మరల పట్టుకొంటుంది. ఫిడేలు తీగెను కమాను పట్టి విడుచుట వలన నాదము పుట్టినట్లే, ఇక్కడ పట్టి విడుచుట వలన ముల్లు ఊగుతుంది. అయస్కాంతము నిజముగానే ఒకసారి మెల్లగా, ఒకసారి వేగముగా తిరుగుతున్నది. ముల్లు చూపేది ఆ నిజమునే.

వేగము హెచ్చినప్పుడు ఈ పట్టులు వెంటవెంటనే వచ్చి, ముల్లు బరువు వలన కలిసిపోతాయి. కనుక ఊపు తక్కువ వేగములలోనే ఎక్కువగా కనిపిస్తుంది. కేబులు ఎన్ని మెలికలు పడినా మొత్తము చుట్ల సంఖ్య మారదు కాబట్టి మైళ్ళ లెక్క మాత్రము సరిగానే ఉంటుంది. లెక్క సరిగా ఉండి ముల్లు ఊగితే మొదట అనుమానించవలసినది కేబులునే.

కొల్లేటి నాట ఈ అనుమానమునకు మరింత ఆధారము ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటికి ఉప్పుటేరు ఒక్కటే సముద్రమునకు దారి. అందుచేత వరదల కాలములో ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీరు రావటము పలుమార్లు జరిగినది. కేబులు క్రింది కొన బండి అడుగున ఉంటుంది. నీటిలో నడిచిన బండి తొడుగులోనికి తేమ చేరితే, ఉక్కు తీగెకు తుప్పు తప్పదు.

చికిత్స

మీటరు వెనుకనున్న మరను చేతితో విప్పి, లోపలి కేబులును బయటకు లాగవలెను. కిరసనాయిలుతో తుడిచి, బల్ల మీద దొర్లించి చూస్తే వంకర ఉన్న చోట ఎగిరిపడుతుంది. వంకర పోయినదానిని, తీగెలు తెగినదానిని, నలుచదరపు కొనలు అరిగినదానిని మార్చవలసినదే. బాగున్నదానికి పలుచగా గ్రీజు పూసి తొడుగులోనికి ఎక్కించి, మరల ఎనిమిది అంగుళాలు పైకి లాగి, ఆ భాగమును తుడిచి దింపవలెను. ఎక్కువ గ్రీజు పూస్తే తిరిగే కేబులు దానిని మరవలె పైకి ఎక్కించి మీటరులో పోస్తుంది. అప్పుడు గిన్నె, అయస్కాంతము జిడ్డుతో అంటుకొని ముల్లు తప్పుడు వేగము చూపుతుంది. తొడుగును ఎక్కడా ఆరు అంగుళాల వ్యాసార్ధమునకు తక్కువగా వంచరాదు; మీటరు దగ్గర అది తిన్నగా ఉండవలెను.

ఇంత చేసినా ఊపు పోకుంటే అప్పుడు మీటరును చూపించవచ్చును. లోపలి ఇరుసు ఎండి ఉండవచ్చును. ఊపు ఆపుటకని స్ప్రింగు చుట్టను మాత్రము కదపరాదు. ముల్లు నిలిచినా అది చూపే అంకె తప్పు కావచ్చును. ఊగే ముల్లును ఎవరూ నమ్మరు. నిలకడగా నిలిచి తప్పు చెప్పే ముల్లును అందరూ నమ్ముతారు. ప్రమాదము అక్కడ ఉన్నది.

బాగుచేసిన మీటరును పరీక్షించుటకు రోడ్డు ప్రక్క కిలోమీటరు రాళ్ళు, ఒక గడియారము చాలును. తోడు కూర్చున్నవారు కాలము చూస్తుండగా సమవేగముతో ఒక రాయి నుండి మరొక రాయి వరకు పోయి, 3600ను పట్టిన సెకండ్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 60 సెకండ్లు పడితే 60, 72 సెకండ్లు పడితే 50.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినది. నేటి కార్లలో కేబులు స్థానమును విద్యుత్ సంకేతములు ఆక్రమించాయి. అయినా మిగిలిన ప్రతి పాత కారులోను ఆరాగో ప్రయోగము నేటికీ జరుగుతూనే ఉన్నది. దానికి ఏడాదికొకసారి శుభ్రమైన కేబులు, చిటికెడు గ్రీజు ఇస్తే చాలును, ముల్లు నిలకడగా నిజము చెపుతుంది.