రెడ్ హిల్సు చెరువు - బొచ్చె చేప ప్రయాణము

మనలిలో కాపురమున్న తెలుగువారికి రెడ్ హిల్సు చెరువు పరాయిది కాదు. పట్నపు కుళాయిలలో చాలాకాలము పారినది ఆ నీరే. వానలు ముదిరినప్పుడు దాని మిగులు నీరు వడపెరుంబాక్కము, కొసప్పూరు మీదుగా మన ఊరి పక్కనే పారి ఎన్నూరు వైపు సముద్రానికి పోతుంది. తమిళులు దీనిని పుళల్ ఏరి అంటారు. దీని నీటి చరిత్ర చెప్పినవారు చాలామంది ఉన్నారు గాని, అందులోని చేప కథ చెప్పినవారు తక్కువ. ఆ కథలో మన కృష్ణా గోదావరులకు పాలు ఉన్నది గనుక, ఈ ఉగాది సంచికలో దానిని ముచ్చటించుకొందామని మేము తలచినాము.

ఆదిలో ఇది వరిపొలాలకు నీరిచ్చే మామూలు చెరువు. ఫ్రేజరు అనే ఇంజనీరు వేసిన పథకము ప్రకారము కొసస్తలై నదికి తామరపాక్కము వద్ద ఆనకట్ట కట్టి, ఆ నీటిని చోళవరము చెరువుకు, అక్కడినుండి రెడ్ హిల్సుకు మళ్ళించినారు. 1872లో ఆ నీరు మద్రాసు నగరానికి చేరినది. తరువాత 1944లో ఎగువన పూండి జలాశయము పూర్తి అయినది. నగర మేయరుగా దానికి పాటుపడిన సత్యమూర్తిగారి పేరే దానికి పెట్టినారు. నేడు రెడ్ హిల్సు చెరువు నిండితే 3,300 మిలియను ఘనపుటడుగుల నీరు, 21 అడుగులకు పైబడిన లోతు.

ఇక చేప సంగతి. మన గోదావరిలో ఆషాఢ శ్రావణాలలో ఎర్రనీరు వస్తుంది. బొచ్చె, శీలావతి, మోసు ఆ వరద పారుదలలోనే గుడ్లు పెడతవి. నిలవ నీటిలో ఎంత బలిసినా పెట్టవు. చెన్నపట్నపు చెరువులకు వచ్చే వాన వేరు. ఇక్కడ ఈశాన్య ఋతుపవనము ఆశ్వయుజ కార్తికాలలో కురుస్తుంది. చేపకు గుడ్ల వేళ అయినప్పుడు చెరువులో నీరు అడుగంటి ఉంటుంది. నీరు నిండేసరికి ఆ వేళ కాస్తా దాటిపోతుంది. అందుచేత పెద్ద చేపలు ఇక్కడ వాటంతట అవి వంశము నిలుపుకొనలేవు. పిల్లలను ఎవరో తెచ్చి వదలవలసినదే.

ఆ పని పూనుకొన్నది మద్రాసు ప్రభుత్వపు మత్స్యశాఖ. 1907లో సర్ ఫ్రెడరిక్ నికల్సను దొర చేతిమీదుగా అది ఆరంభమైనది. 1911లో కర్నూలు దగ్గర, తుంగభద్ర ఒడ్డున సుంకేసులలో చేపపిల్లల క్షేత్రము పెట్టినారు. పెద్దజాతి చేపలను పెంచి చెరువులకు పిల్లలను పంచడము దాని ఉద్దేశము. కృష్ణా గోదావరుల బొచ్చె కావేరికి పోయినది కూడా ఈ శాఖ ప్రయత్నము వల్లనే. 1934లో మెట్టూరు ఆనకట్ట పూర్తి అయినాక ఆ జలాశయములో అది బాగుగా పెరిగి పేరు తెచ్చుకొన్నది. అక్కడి జాలరులు వాడిన ఒక వలకు రంగూను వల అని పేరు. ఆ పేరు వింటే మన పెద్దలకు వేరొక వలస జ్ఞాపకము రాక మానదు.

ఆ రోజులలో చేపపిల్లల రవాణా అంటే చిన్న సంగతి కాదు. నదిలో ఏరిన పిల్లలను కుండలలో నీరు పోసి రైలెక్కించేవారు. బెంగాలు దేశములో ఆ కుండల వెంట మనుషులు కూర్చుని, దారి పొడవునా నీటిని చేతితో కలయబెడుతూ ఉండేవారట. చెయ్యి ఆగితే గాలి చాలక పిల్లలు చచ్చేవి. 1957 జూలై 10వ తేదీన హీరాలాల్ చౌధురిగారు చేప మెదడు కింది గ్రంథిరసము సూదివేసి, నది లేకుండానే ఈ జాతులచేత గుడ్లు పెట్టించినారు. ఆనాటినుండి వరద కొరకు ఎదురుచూడవలసిన పని తప్పినది. మా దృష్టిలో మన చెరువుల చేపకు ఇంతకన్న పెద్ద మలుపు లేదు.

1952లో దేశానికి వచ్చిన టిలాపియా సంగతి వేరు. తమిళులు దానిని జిలేబి కెండై అంటారు. అది ఏ వరదకూ కాచుకొనదు. నిలవ నీటిలోనే మాటిమాటికి పిల్లలు చేస్తుంది, ఆ పిల్లలను నోటిలో పెట్టుకొని కాస్తుంది. చెరువు నిండా అదే అయి తక్కిన చేపల మేత తింటుందని జాలరుల గోడు. అయినా వెల తక్కువ గనుక పేదవాని కూరకుండకు అదే దిక్కు.

ఏడాది పొడవునా చెరువు మీది పని ఒక తీరున సాగదు. కార్తిక మార్గశిరాలలో కొత్తనీరు పొంగినప్పుడు చేప నలుదిక్కులా చెదురుతుంది, వలకు తక్కువ. మాఘము దాటి నీరు తేరితే, నీటిలో గోడవలె నిలిపే వలలకు పని. ఉగాది నాటికి నీరు కుంగుతుంది, చేప ఒకచోటికి చేరుతుంది. వైశాఖములో విసురువల వేసినవాడు కూడా వట్టిచేతులతో రాడు. ఆ లాభము వెనుకనే భయము ఉన్నది. నీరు మరీ తగ్గి వేడెక్కితే చేప ఊపిరాడక తేలుతుంది. పైకి వచ్చి గాలి పీల్చి, బురదలో సైతము బ్రతికే కొరమీను వంటివి మాత్రమే ఆ దినాలను గట్టెక్కగలవు. కొరమీను పిల్లలు ఎర్రగా గుంపుగట్టి నీటిపైకి వస్తే, కిందనే తల్లిదండ్రులు కాపలా ఉంటవి. ఆ గుంపును చూచే జాలరి వాటిని పట్టుతాడు. ఇది న్యాయమా అంటే మేము చెప్పజాలము.

1983లో రామారావుగారి ప్రభుత్వమూ, రామచంద్రన్ గారి ప్రభుత్వమూ చేసికొన్న ఒప్పందము ప్రకారము తెలుగుగంగ మొదలైనది. శ్రీశైలము నీరు వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి 1996లో పూండికి చేరినది. అక్కడినుండి కాలువ ద్వారా రెడ్ హిల్సుకు వస్తుంది. కృష్ణ చేప ముందు, కృష్ణ నీరు వెనుక వచ్చినట్లయినది. ఈ మధ్యకాలము బొచ్చె ఈ ప్రాంతాన పరాయి నీటిలోనే పెరిగినది.

నీరు వచ్చినా చెరువుకు నిశ్చింత లేదు. 2015 డిసెంబరులో అన్ని చెరువులూ పొంగి నగరము మునిగినది. 2019 వేసవిలో నగరానికి నీరిచ్చే నాలుగు పెద్ద చెరువులూ ఇంచుమించు ఎండిపోయి, మంచినీళ్ళకు మనమందరము బిందెలతో బారులు తీరినాము. మరి ఆ యేడు చెరువునే నమ్ముకొన్నవారి పొయ్యి ఎట్లా వెలిగినదో అడిగినవారు కొద్దిమంది. 2021 నవంబరులో కొసస్తలై వరద మనలి పుదునగరు ఇండ్లలో ప్రవేశించినది. 2023 డిసెంబరు తుపానులో మనలి చమురు కర్మాగారాల వైపునుండి వరదతో పాటు నూనె కొట్టుకొనిపోయి ఎన్నూరు కయ్యలో పేరుకొన్నది. అక్కడి జాలరుల పడవలకూ వలలకూ నల్లని జిడ్డు పట్టి, వారు వారాల తరబడి వేటకు పోలేకపోయినారు. మనలో చాలామంది జీతము ఆ కర్మాగారాలదే. చెరువుకు ఎగువన వదలిన పిల్లలను లెక్క పెట్టేవారున్నారు గాని, దిగువన ఆ నూనెలో పోయిన చేపను లెక్క పెట్టినవారిని మేము ఇంకా చూడలేదు.